గూడబాతుల జట్టు

ఆటపాక,
నవంబరు 9

అక్కకు పెర్సిస్ వందనాలు.

నీ చెవి మిషను మళ్లీ ఈల వేస్తోందని బావగారు చెప్పారు. నీతో ఫోనులో మాట్లాడాలంటే మా వీధి వీధంతా వినాల్సి వస్తుంది. అందుకే కాగితం పట్టుకున్నాను. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం నాకు అలవాటు. ఈసారి అలా రాయలేకపోతున్నాను.

మానస గురించి రాస్తున్నాను. ఆసుపత్రి నుంచి వచ్చి నెల దాటింది. ఒంట్లో రక్తం పట్టిందని, ఇక భయం లేదని డాక్టరమ్మ చెప్పింది. వంట చేస్తుంది, బట్టలు ఆరేస్తుంది, ఏం చెప్పినా "అలాగేనండీ అత్తయ్యా" అంటుంది. అంతకు మించి మాట లేదు. ఐదో నెలలో పోయిన బిడ్డ ఊసు తను ఎత్తదు, నాకు ఎత్తే ధైర్యం లేదు. మావాడు ఫిన్నీ చేపల లోడుతో కలకత్తా వెళ్తే వచ్చేసరికి వారం పైనే అవుతుంది. వచ్చినా ప్యాకింగ్ షెడ్డులోనే ఉంటాడు. మీ మరిదిగారు చెరువు గట్టు వదలరు. పగలంతా ఇంట్లో అత్తా కోడలమే. గిన్నె చప్పుడు తప్ప ఇంకో చప్పుడు ఉండదు.

మొన్న పెరట్లో నవ్వు వినిపించింది. ఎవరొచ్చారా అని వెళ్లి చూస్తే మానసే, ఫోను చూసుకుని నవ్వుతోంది. నన్ను చూసి ఫోను బోర్లించేసింది. ఏంటమ్మా అని అడిగితే మెల్లగా చెప్పింది. వాళ్ల పెదనాన్న పిల్లలు, కాలేజీలో స్నేహితులు కలిసి సినిమా లీగు అని ఒక ఆట ఆడతారట. ఆ ఏడాది వచ్చిన సినిమాల్లోంచి ఒక్కొక్కరు పది ఏరుకుని జట్టు కట్టుకోవాలి. ఏ సినిమా ఎన్ని వారాలు ఆడింది, అవార్డుల వాళ్లు దేని పేరు పిలిచారు, ఏది గెలిచింది, వీటిని బట్టి పాయింట్లు వేసుకుంటారు. జనవరి నుంచి అవార్డుల కాలమట, అసలు ఆట అప్పుడేనట.

అక్కా, నాకు తెలియక అడుగుతున్నాను, ఇది పందెమా? పందెమైతే పెద్దదాన్నిగా వద్దని చెప్పాలి. కానీ ఈ ఇంట్లో నెల రోజుల తర్వాత విన్న నవ్వు అది. దాన్ని ఆపడానికి నాకు నోరు రావడం లేదు. నువ్వు టౌనులో ఉంటావు, ఎవరినైనా కనుక్కుని రాయి.

నీ చెల్లెలు,
పెర్సిస్


తాడేపల్లిగూడెం,
నవంబరు 20

పెర్సీకి,

నీ ఉత్తరం అందింది. మీ బావ దాన్ని ఉల్లిపాయల మార్కెట్టుకి తీసుకెళ్లి, రెండు రోజులు జేబులో ఉంచుకుని తెచ్చాడు. వాసనకి కళ్లు మండాయి. నువ్వు రాసిన సంగతికి కూడా అయుండొచ్చు.

పక్కింటి శ్రావ్యను అడిగాను. డిగ్రీ చదువుతోంది, నాతో మాట్లాడేటప్పుడు నా ఎదురుగా నిలబడి పెదాలు బాగా కదిపి చెప్తుంది. పందెం లేదట, డబ్బు లేదట. గెలిచినవాడికి ఏడాదంతా గొప్పలు చెప్పుకునే హక్కు, ఓడినవాడికి ఏడాదంతా ఎగతాళి. "మీ చెల్లెలుగారు కూడా ఆడతారా ఆంటీ" అని అడిగింది. మా చెల్లెలు సినిమా పోస్టరు కనబడితే తల దించుకుని నడుస్తుందమ్మా అన్నాను.

అబద్ధమా చెప్పు? నాన్న మనల్ని సినిమా హాలు ముందు నుంచి వెళ్లనివ్వకుండా, సందులన్నీ తిప్పి చర్చికి తీసుకెళ్లేవారు. నాకు ఆ భయం పెళ్లయిన నెలకే పోయింది, నీకు యాభై వచ్చినా పోలేదు. సరే, నిన్ను సినిమా చూడమని నేను చెప్పను. సాయంత్రం పని అయ్యాక ఆ పిల్ల పక్కన కూర్చో. ఏం ఏరుకున్నావమ్మా అని అడుగు. బిడ్డ సంగతి ఎలా ఎత్తాలా అని బాధపడుతున్నావు కదా. ముందు ఏదో ఒక సంగతి మాట్లాడుకోండి. 

కాలి నొప్పికి నేను పంపిన నూనె రాసుకుంటున్నావా, అలాగే ఉంచావా?

సరోజ


ఆటపాక,
జనవరి 18

అక్కకు,

ఉత్తరం రాసి చాలా రోజులైంది, కోప్పడకు. క్రిస్మస్, కొత్త సంవత్సరం ఆరాధనలు, స్త్రీల సమాజం పనులు. అవి కాక ఇంకో పని కూడా తగిలింది, అదే చెప్తాను.

నువ్వు చెప్పినట్టే పక్కన కూర్చున్నాను. మొదటి రోజు ఏం ఏరుకున్నావని అడిగితే వింతగా చూసింది. రెండో రోజు, ఆ సినిమాలో ఏముంటుందమ్మా అని అడిగాను. చెప్పడం మొదలుపెట్టింది. నేను చిక్కుళ్లు ఒలుస్తూ కూర్చున్నాను. చిక్కుళ్లు అయిపోయాయి గానీ కథ అవలేదు. అప్పటి నుంచి రోజూ అదే. ఆమె చెప్తుంది, నేను వింటాను. విన్నాక ఇది నిలబడుతుంది, ఇది నిలబడదు అని నాకు తోచింది చెప్తాను. హీరో మొదటి అరగంటలో నలభై మందిని కొట్టే సినిమా ఒకటి ఉంది. అలా కొట్టినవాడికి తర్వాత చేయడానికి ఇంకేం పని ఉంటుందమ్మా అన్నాను. మానస పడీ పడీ నవ్వింది. దాన్ని తీసేసింది.

జట్టుకు పేరు పెట్టమంది. బయట చెట్ల నిండా గూడబాతులు పిల్లలకు మేత పెడుతున్నాయి, అదే నోటికొచ్చింది. ఇప్పుడు మా జట్టు పేరు గూడబాతులు.

ఒక కథ గురించి నీకు చెప్పాలి. రైలు గేటు దగ్గర కాపలా ఉండే మొగుడూ పెళ్లాల కథ. అక్కడ ఏ రైలూ ఆగదు. వాళ్లకు పుట్టిన బిడ్డ పోతుంది. ఆవిడ మాత్రం రోజూ వేళకి గేటు వేస్తుంది, తీస్తుంది. అక్కడిదాకా చెప్పి మానస ఆగిపోయింది. "నేనూ అలాగే పని చేసుకుంటున్నానండీ" అంది. అంతే. నేను చెయ్యి పట్టుకున్నాను. కాసేపు ఏడ్చింది. మూడు నెలల్లో నా ముందు ఏడవడం అదే మొదటిసారి.

జట్టులో ఒక సినిమాను కెప్టెన్ చేయాలి, దానికి పాయింట్లు రెట్టింపు. దేన్ని పెట్టమంటారని అడిగితే ఆ గేటు సినిమా అన్నాను. అది రెండు వారాలు కూడా ఆడలేదట. వాళ్ల పెదనాన్న కొడుకు ఫణీంద్ర ఫోను చేసి, "ఏవండీ అత్తయ్యగారూ, సినిమా చూడకుండానే కెప్టెన్ని చేసేశారట?" అన్నాడు. "చూసిన మీరు పోయినేడు ఏం గెలిచారు బాబూ" అన్నాను. ఫోనులో ఇంకో నలుగురు నవ్వడం వినిపించింది.

సమాజంలో ఒకావిడ, మీ ఇంట్లో సాయంత్రాలు నవ్వులు వినబడుతున్నాయి అని అడిగింది. మా కోడలు కథలు చెప్తుందండీ అన్నాను. అది అబద్ధం కాదు కదా అక్కా.

పెర్సిస్


తాడేపల్లిగూడెం,
ఫిబ్రవరి 5

పెర్సీకి,

సినిమా చూడటం తప్పు, వినడం ఒప్పు అని మీకు ఏ పాస్టరుగారు చెప్పారు? ఆయన ఎక్కడుంటారో రాయి, నేనూ ఆ సంఘంలో చేరతాను.

మీ గేటు సినిమా శ్రావ్య ఫోనులో పెట్టింది. కింద మాటలు అక్షరాల్లో పడుతుంటే చదువుకుంటూ చూశాను. నిజం చెప్పనా, సగంలో నిద్రపోయాను. లేచేసరికి ఆవిడ ఇంకా గేటు వేస్తూనే ఉంది. దానికి అవార్డు వస్తే నేను గుండు చేయించుకుంటాను. కెప్టెన్ని మార్చండి.

మానస మొన్న నాకు మెసేజి పెట్టింది. "పెద్దత్తయ్యా, ఈ రోజు అత్తయ్యగారు నాకంటే ముందే వచ్చి ఫోను తెరవమన్నారండీ" అని. పక్కన ఒక నవ్వు బొమ్మ. మీ బావకు చూపించాను. పెర్సిస్సేనా అన్నాడు. నాకు మాత్రం మనసు తేలికపడింది. ఆ పిల్ల కోలుకుంటోంది, నువ్వు కూడా. ఎవరు ఎవరిని లేవదీస్తున్నారో నాకు అర్థం కావడం లేదు. అర్థం కావాల్సిన పని కూడా లేదు.

సరోజ


ఆటపాక,
మార్చి 3

అక్కకు,

మానస శనివారం ఏలూరు వెళ్లింది, వాళ్ల అమ్మగారి దగ్గరికి. కొన్నాళ్లు విశ్రాంతిగా ఉంటానంది. ఫిన్నీ దిగబెట్టి వచ్చాడు. ఎప్పుడు వస్తుందో వాడికీ చెప్పలేదట.

ఆట సంగతి అడుగుతావేమో, నేను అది ఆడటం లేదు. ఎందుకని మాత్రం అడగకు.

ఎండలు అప్పుడే ముదిరాయి. చెరువులో నీళ్లు తగ్గుతున్నాయని మీ మరిదిగారు కంగారు పడుతున్నారు. మేమంతా క్షేమం.

పెర్సిస్


తాడేపల్లిగూడెం,
మార్చి 7

పెర్సీ,

మేమంతా క్షేమం అని రాశావు. ఆ మాట రాయనప్పుడే నువ్వు నిజం రాస్తావని నవంబరులోనే తెలిసింది నాకు.

నువ్వు, మానస పోట్లాడుకున్నారా? నువ్వు పోట్లాడే మనిషివి కాదు. అదే నీతో చిక్కు. అరిచేవాళ్లతో అయితే ఎందుకు అరిచారో అయినా తెలుస్తుంది. నీకు కోపం వచ్చినా, బాధ వచ్చినా, భక్తి వచ్చినా బయటికి ఒక్కలాగే ఉంటావు. చెవులున్నవాళ్లకే ఏమీ వినబడదు, ఇక నాకేం వినబడుతుంది?

కంటి డాక్టరుకు చూపించుకోవడానికి వచ్చే వారం ఎలాగూ ఏలూరు వెళ్తున్నాను. పవర్‌పేటలో వాళ్లమ్మ కృపావరం వదినగారి ఇంటికి వెళ్లి మానసను చూసి వస్తాను. ఈలోపు జరిగింది రాయి. ఏమీ తెలియకుండా ఆ పిల్ల ముందు కూర్చోలేను.

సరోజ


ఆటపాక,
మార్చి 10

అక్కకు,

ఇది రాయడం తప్పో ఒప్పో తెలియడం లేదు. ప్రార్థన చేసుకునే రాస్తున్నాను.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో మనం ఏటా ఏదో ఒకటి ప్రభువు కోసం మానుకుంటాం కదా. నేను ఎప్పుడూ టీ మానేదాన్ని. ఈ ఏడాది అవి మొదలయ్యే భస్మ బుధవారం ముందు రోజు, ఏం వదిలిపెట్టనా అని మోకాళ్ల మీద ఉండి ఆలోచించాను. టీ అనబోతే నాకే సిగ్గనిపించింది. టీ లేకపోయినా నాకు ఏమీ కాదు, అలవాటుగా మానుతున్నాను అంతే. నిజంగా నాకు ఇప్పుడు అన్నిటికంటే ఇష్టమైనది ఏంటి అని వెతుక్కుంటే, సాయంత్రం మానస పక్కన కూర్చుని ఆడే ఆ ఆటే కనబడింది. పొద్దున్న లేచినప్పటి నుంచి ఎప్పుడు సాయంత్రమవుతుందా అని చూసేదాన్ని. ప్రార్థనలో కూడా గేటు సినిమా పేరు వచ్చేస్తోంది. అందుకని దాన్నే ఇచ్చేశాను.

ఉపవాసం నలుగురికీ తెలిసేలా చేయకూడదని సండే స్కూలులో మనకు నేర్పారు కదా. మీ మరిదిగారికి కూడా చెప్పలేదు. మానస ఫోను పట్టుకుని వస్తే, పని ఉందమ్మా, నువ్వే చూసుకో అన్నాను. మర్నాడూ అలాగే. నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా అత్తయ్యా అని అడిగింది. ఏం లేదమ్మా అన్నాను. అది నిజమే. కానీ వాళ్లది వేరే సంఘం, వాళ్లు ఈ దినాలు పాటించరు. తనకు ఎలా తెలుస్తుంది అన్నది నాకు అప్పుడు తోచలేదు. పది రోజులు చూసి బట్టలు సర్దుకుంది.

ఈస్టరు అయ్యాక చెప్తే సరిపోతుంది అనుకున్నాను. ఇప్పుడు ఆ ఖాళీ కుర్చీ చూస్తే అప్పటిదాకా ఆగగలనా అనిపిస్తోంది. ప్రభువుకిచ్చిన మాట కదా అక్కా, ఎలా తప్పను? నువ్వు కూడా మానసకు చెప్పకు.

పెర్సిస్


తాడేపల్లిగూడెం,
మార్చి 16

పెర్సీకి,

నిన్న సాయంత్రమే ఏలూరు నుంచి వచ్చాను. కంట్లో పొర ఉందట, తొందర లేదన్నారు. అది వదిలెయ్యి.

కృపావరం వదినగారు నాకు భోజనం పెట్టి, పనుందని మమ్మల్నిద్దరినీ వదిలి బయటికి వెళ్లారు. మంచి మనిషి. మానస చిక్కింది. నాతో మాట్లాడాలంటే ఎదురుగా కూర్చుని ఒక్కో మాటా విడదీసి చెప్పాలి కదా, మాటల మధ్యలో దాక్కోవడానికి వీలుండదు. అలా చెప్పింది ఇదంతా.

"నేనేం తప్పు చేశానో తెలియలేదండీ పెద్దత్తయ్యా. బిడ్డను పోగొట్టుకున్నదానితో ఎన్నాళ్లు కూర్చుంటారు పాపం, ఆవిడకీ విసుగొచ్చి ఉంటుంది అనుకున్నాను. నేను ఎదురుగా ఉంటే ఆవిడ ముఖం తిప్పుకోవాల్సి వస్తోందని వచ్చేశాను."

ముఖం ఎందుకు తిప్పుకునేదానివో నాకు తెలుసు, చూస్తే మళ్లీ ఆట మీద ఆశపడతావని. తనకు తెలియదు.

ఇంకో సంగతి. పోయిన నెలాఖర్లో జట్లు మార్చుకోవడానికి రెండు రోజులు గడువు ఇచ్చారట. మీ గేటు సినిమాకు అప్పటికి ఒక్క అవార్డు వాళ్లు కూడా పేరు పిలవలేదు. తీసేసి ఇంకోదాన్ని పెట్టమని ఫణీంద్ర బతిమాలాడట, తీసేస్తే రెండో స్థానానికి వెళ్తావు అని లెక్క కట్టి చూపించాడట. ఈ పిల్ల తీయలేదు. ఎందుకమ్మా అంటే, "అది అత్తయ్యగారు పెట్టిందండీ" అంది. నువ్వు పలకరించడం మానేశాక, మీ ఇంట్లోంచి వచ్చేసే ముందు రోజు జరిగింది ఇది.

నేను నీ మొక్కుబడి గురించి చెప్పలేదు. నాలిక చివరిదాకా వచ్చింది, మింగాను. అది నువ్వు చెప్పాల్సింది.

పెర్సీ, నేను నీ అంత ప్రార్థనాపరురాలిని కాదు. నాకు తెలిసింది ఒక్కటే రాస్తాను. ఉపవాసమంటే మన కడుపు మాడ్చుకోవడం. నువ్వు మానుకున్నావు, పస్తు ఆ పిల్ల ఉంటోంది. తన ముందున్న కంచం తీసి నువ్వు దేవుడికిచ్చావు. ఆయన దాన్ని తీసుకుంటాడా? ఈస్టరు దాకా ఆగుతావో, రేపే బస్సెక్కుతావో నీ ఇష్టం.

సరోజ


ఆటపాక,
మార్చి 23

అక్కకు,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. మూడుసార్లు చదివాను. మీ మరిదిగారికి చదివి వినిపించాను. ఆయన అంతా విని, "కైకలూరు నుంచి ఏలూరుకు మొదటి బస్సు ఆరింటికి ఉంది" అన్నారు.

బస్సులో దారి పొడవునా ప్రభువుతో మాట్లాడాను. కొల్లేరు మీద వంతెన దాటేటప్పటికి, మాట తప్పుతున్నాను, నన్ను క్షమించు అని చెప్పేశాను. ఆయనకు చెప్పడం తేలికగానే ఉంది. పవర్‌పేటలో ఆ గుమ్మం ముందు మాత్రం చెప్పులు విప్పి, మళ్లీ తొడుక్కుని, మళ్లీ విప్పాను.

మానస తలుపు తీసి, "రండి అత్తయ్యా" అని మంచినీళ్లు ఇచ్చింది. చుట్టాలకు ఇచ్చినట్టు ఇచ్చింది. నేను కూర్చోకుండానే చెప్పేశాను. శ్రమల దినాలంటే ఏంటో, నేను ఏం చేశానో, ఎందుకు దాచానో. "నీ మీద విసుగు కాదమ్మా. ఇష్టమైనదాన్ని వదలాలి కదా అని వదిలాను. వెతికితే నాకు అంతకంటే ఇష్టమైనది కనబడలేదు" అన్నాను.

మానస నాకు కుర్చీ జరిపింది. తర్వాత, "అంటే నన్ను మానేశారా అండీ?" అంది.

"ఆటను మానేశాననుకున్నాను. అందులో నువ్వున్నావని తర్వాత తెలిసింది."

"నాకు చెప్తే నేనూ మానేదాన్ని కదండీ. ఇద్దరం కలిసి మానేవాళ్లం." అప్పుడు నా చేతిలోంచి గ్లాసు తీసుకుంది అక్కా. "చెప్పకుండా వెళ్లిపోవడం నాకు ఇంకోసారి వద్దండీ. బిడ్డ వెళ్లిన ఆ ఒక్కసారికే నా వల్ల కాలేదు."

ఇంకెప్పుడూ అలా చేయనమ్మా అన్నాను. వదినగారు వంటింట్లో నుంచి వచ్చి, ఇద్దరూ భోజనం చేసి ఏడుద్దురు గాని రండి అన్నారు. చేశాం.

వెంటనే నాతో వచ్చేయలేదు. నేనూ రమ్మని అడగలేదు. నిన్న ఆరాధన అయ్యాక ఫిన్నీ వెళ్లి తీసుకొచ్చాడు.

లీగు సంగతి అడుగుతావు. పెద్ద అవార్డులు శనివారం అయిపోయాయి. గేటు సినిమా పేరు ఎవరూ పిలవలేదు. రెట్టింపు సున్నాకి సున్నాయే వచ్చింది. గూడబాతులు ఆఖరి స్థానం. ఫణీంద్ర జట్టు మొదటిది. ఏడాదంతా మమ్మల్ని జట్టు పేరు పెట్టి పిలుస్తానన్నాడు. పిలువు బాబూ, పలుకుతాం అన్నాను.

ఈస్టరు దాకా సాయంత్రాలు ఫోను తీయకూడదని మానసే చెప్పింది. ఇది ఇద్దరి మొక్కుబడి, ఇద్దరికీ తెలిసి చేస్తున్నది. నిన్న సాయంత్రం అలాగే ఊరికే వాకిట్లో కూర్చున్నాం. చెప్పడానికి సినిమా కథ లేదు. కొంతసేపు చీకటి పడటం చూశాం. అప్పుడు తనంతట తనే, పుట్టబోయే బిడ్డకు తను, ఫిన్నీ అనుకున్న పేరు చెప్పింది. పాపే పుడుతుందనుకున్నారట. ఆ పేరు ఫిన్నీకి తప్ప ఎవరికీ తెలియదట, వాడూ ఆ రోజు నుంచి పలకలేదట. నన్ను ఒకసారి పలకమంది. పలికాను. ఇంకోసారి అనండీ అంది.

చాలా మంచి పేరు అక్కా. నేను ఇక్కడ రాయను. ఈస్టరుకు నువ్వు, బావగారు రండి, నీ ఎదురుగా కూర్చుని తనే చెప్తానంది.

పెర్సిస్